మోకాలి దగ్గర అరిగిన బిళ్ళ

నిన్న మా అక్క కొడుకు బైక్ రేసు చూడ్డానికి ఇరుంగాట్టుకోట్టై వెళ్లా. చెన్నై నుంచి బెంగళూరు హైవేలో, శ్రీపెరుంబుదూర్ ఇంకా రాకముందే. 1990 నాటి ట్రాక్, ఒక చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. ఎండ సంగతి చెప్పక్కర్లేదు. నీడలో నిలబడ్డ నేనే తడిసి ముద్దయ్యా, వాడేమో మెడ దాకా తోలు సూట్లో!

వాడిది వన్-మేక్ రేసు. అందరికీ ఒకే రకం బండి, కాబట్టి ఓడిపోతే బండి మీదకి నెట్టేయడానికి లేదు. రెండో ల్యాప్‌లో జారి పడ్డాడు. లేచి, చేతి సంగతి కూడా చూసుకోకుండా బండి దగ్గరికే పరిగెత్తాడు, వెధవ.

తర్వాత పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన బండ్లు ఆపుకునే చోట, మోకాలి స్లైడర్ ఊడదీసి చూపించాడు. మలుపులో బండి వాల్చినప్పుడు ట్రాక్‌కి రాసుకునే ప్లాస్టిక్ బిళ్ళ. ఓ పక్క పల్చగా అరిగిపోయి, అంచులు పెచ్చులు లేచాయి. "రెండు మోకాళ్లవీ ఒకేలా అరగవు మామా" అన్నాడు, అదేదో మెడల్ అయినట్టు.

2023 ఆగస్టులో ఇదే ట్రాక్ మీద బెంగళూరు పిల్లాడొకడు 13 ఏళ్లకే పోయాడు. అప్పట్నుంచీ అక్క ఇక్కడికి రాదు. "ఎలా ఉన్నాడు?" అని మెసేజ్ పెట్టింది. "బానే ఉన్నాడు, ఆకలంటున్నాడు" అని కొట్టా. రెండూ నిజమే.

ఆ బిళ్ళ నా కారులోనే మర్చిపోయాడు. అక్క కంటపడకుండా డ్యాష్‌బోర్డ్ అరలో, పాత ఆర్‌సీ కాగితాల కింద పెట్టా.