మెట్ల కింద గదిలో చలి

గత వారం మా ఇంట్లో వరుసగా మూడు రోజులు పెరుగు తోడుకోలేదు. గోరువెచ్చని పాలలో ఎప్పటికంటే కాస్త ఎక్కువ తోడు వేసి, గిన్నెకు తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో దాచినా, తెల్లవారి చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి. ఇడ్లీ పిండి పొంగలేదు. కొబ్బరినూనె సీసాను ఎండలో పెడితే గాని నూనె కరగలేదు. మేడ మీద పిట్టగోడకు తగిలించిన థర్మామీటర్‌లో తెల్లవారుజామున ఐదు గంటలకు 9 డిగ్రీలు చూశాను.

హైదరాబాద్ సముద్రానికి దూరంగా, దక్కన్ పీఠభూమి మీద సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఉత్తర, ఈశాన్య దిక్కుల నుంచి పొడిగాలి వచ్చి, ఆకాశంలో మబ్బు తునక లేకుండా గాలి స్తంభించిన రాత్రి, పగలంతా నేల పీల్చుకున్న వేడి అడ్డూ ఆపూ లేకుండా పైకి పోతుంది. నగరం నడుమ కాంక్రీటు, తారు రోడ్లు రాత్రంతా వేడిని వదులుతూ ఉంటాయి కనుక బేగంపేటలో కంటే, చెట్లూ ఖాళీ నేలా మిగిలిన కేంద్రీయ విశ్వవిద్యాలయం వైపు, పటాన్‌చెరు వైపు చలి ఎక్కువ. మేముండే చందానగర్ ఆ రెండింటికీ దగ్గరే. ఈ నగరంలో 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు నమోదైంది. మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకన్నా తక్కువకో పడిపోయి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గితే వాతావరణ శాఖ దానిని శీతల గాలులుగా లెక్కిస్తుంది.

అయితే ఉత్తరాదిలో 9 డిగ్రీలు వేరు, మన దగ్గర 9 డిగ్రీలు వేరు. మన ఇళ్లన్నీ ఎండను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. గాలి ఆడాలని వెంటిలేటర్లు పెట్టుకున్నాం, చల్లగా ఉండాలని గ్రానైట్ పరిచాం. వేసవిలో వడదెబ్బ గురించి ఊరంతా మాట్లాడుకుంటుంది, చలివేంద్రాలు వెలుస్తాయి. చలికి మాత్రం ఒక స్వెటర్ చాలుననుకుంటాం. నేనూ మొన్నటి వరకు అలాగే అనుకున్నాను.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబం పాలమూరు వైపు నుంచి వచ్చింది. భార్య, ఇద్దరు పిల్లలు మెట్ల కింద గదిలో పడుకుంటారు. ఆ గదికి రేకు తలుపు, ఒక వెంటిలేటర్ ఉన్నాయి. గురువారం తెల్లవారుజామున పాల ప్యాకెట్ కోసం దిగినప్పుడు ఆమె తలుపు తెరుచుకుని, తల పట్టుకుని గడప మీద కూర్చుని ఉంది. "రాత్రంతా ఇగం కొడుతున్నది మేడం, పిల్లలు వణుకుతున్నరని బొగ్గులు లోపల పెట్టిన. తల పగిలిపోతున్నది" అన్నది. లోపలికి తొంగి చూస్తే మూలన ఇనుప తట్టలో బొగ్గులు ఇంకా ఎర్రగా ఉన్నాయి, వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డుపెట్టి ఉంది. పిల్లలిద్దరినీ లేపి పార్కింగ్‌లోకి తెచ్చాం. చిన్నవాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఆసుపత్రికి తీసుకువెళితే ఆక్సిజన్ పెట్టారు, మధ్యాహ్నానికి తేరుకున్నాడు.

గాలి చాలని చోట బొగ్గు సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది కనుక, నిద్రలో ఉన్న మనిషికి ఊపిరి అందడం లేదన్న సంగతే తెలియదు. పొగ రావడం లేదు కదా అని ఆ తల్లి ధైర్యంగా పడుకుంది. నాకు మాత్రం ఆమె తప్పేమీ కనిపించలేదు. ఆ గదిలో పిల్లలు గచ్చు మీద పలుచటి చాప పరుచుకుని పడుకుంటున్నారని మూడేళ్లుగా రోజూ చూస్తూనే ఉన్నాను.

ఆ సాయంత్రమే మా అంతస్తులోని వాళ్లం కలిసి ఒక చెక్క మంచం, రెండు పరుపులు, మూడు రగ్గులు సమకూర్చాం, తలుపు సందులకు గోనెపట్టా కొట్టించాం. వెంటిలేటర్‌కు ఉన్న అట్టను నేనే తీసేశాను. నిన్న రాత్రి చలి ఇంకాస్త పెరిగింది. పడుకోబోయే ముందు కిందికి దిగి, వెంటిలేటర్ తెరిచే ఉందో లేదో చూసి వచ్చాను.