‘ప్రభుత్వం తగు చర్యలు తీసుకోవాలి’ అని రాయకుండా వార్త మీద పన్నెండు వాక్యాలు

మన శ్రీకాకుళం జిల్లాలో ఏ హైస్కూల్లోనైనా తొమ్మిదో తరగతి పిల్లల చేతికి పేపరిచ్చి, ‘ఈ వార్త మీద మీ స్పందన రాయండి’ అని చూడండి. చాలా నోటుబుక్కులు ‘నేటి సమాజంలో...’ అని మొదలవుతాయి. మధ్యలో అదే వార్త కాస్త కుదించి మళ్లీ వస్తుంది. చివర్లో ‘కావున ప్రభుత్వం వెంటనే తగు చర్యలు తీసుకోవాలి’ అని ఉంటుంది. పిల్లలకు ఆలోచన లేక ఇలా రాయడం లేదు. వ్యాసమంటే ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అని మనమే నేర్పాం. ముగింపుకి విడిగా మార్కులుంటాయని కూడా మనమే చెప్పాం. వార్తను విశ్లేషించడానికి ఆ మూస పనికిరాదు.

విశ్లేషణ అంటే ఏమిటో పిల్లలకు ఒక్క వాక్యంలో చెప్పాలి. వార్తలో ఉన్నదాన్ని పట్టుకుని వార్త చెప్పని ఒక సంగతి తేల్చాలి, లేదా ఫలానా వివరం లేకుండా అది తేలదని చూపించాలి. రెండోది కూడా పూర్తి సమాధానమేనని మొదటి రోజే గట్టిగా చెప్పండి. లేకపోతే ఏదో ఒక తీర్పు చెప్పి తీరాలనుకుని గాల్లోంచి కారణాలు తెస్తారు.

మొదటి పేజీ వార్తలతో మొదలుపెట్టకండి. ఢిల్లీ సంగతో అమెరికా సుంకాల సంగతో అయితే పిల్లలు పెద్దలు మాట్లాడుకునే మాటలే అప్పగిస్తారు. జిల్లా పేజీ తీయండి. వంశధార కాలువకి నీళ్లు రాలేదనో, మూలపేట పోర్టు భూముల సంగతో, మత్స్యకారులు వేరావల్ వలస వెళ్లారనో, ఏనుగులు చేలు తొక్కేశాయనో ఉంటుంది. ఇంట్లో అడిగి సరిచూసుకోగలిగిన వార్త కావాలి. నేరాలు, ఆత్మహత్యలు, నాయకులు ఒకరినొకరు తిట్టుకున్న వార్తలు వద్దు. మొదటి రెండిట్లో బాధితుల పరువు ఉంటుంది, పైగా వాళ్ల బంధువుల పిల్లలు క్లాసులోనే ఉండొచ్చు. మూడోదాంట్లో విశ్లేషించడానికి సరుకే ఉండదు.

పద్ధతి చూపించడానికి ఒక నమూనా వార్త తీసుకుందాం. ఇది క్లాసు కోసం అల్లుకున్నది, ఇందులోని ధరలు ఇప్పటి మార్కెట్ ధరలు కావు.

‘జీడి రైతు కంట కన్నీరు. పలాస: జీడిపిక్కల ధర రోజురోజుకూ పడిపోతోందని ఉద్దానం రైతులు ఆందోళన చెందుతున్నారు. 80 కిలోల బస్తాకు వ్యాపారులు 10 వేల రూపాయలకు మించి ఇవ్వడం లేదని, కనీసం 16 వేలు ఇవ్వాలని డిమాండ్ చేస్తూ తహసీల్దారు కార్యాలయం ఎదుట సోమవారం ధర్నా చేశారు. విదేశీ పిక్కల దిగుమతి వల్లే ఈ పరిస్థితి వచ్చిందని రైతు సంఘం నాయకులు ఆరోపించారు. పప్పుకు గిరాకీ లేకే ధర తగ్గిందని వ్యాపారులు చెబుతున్నారు. సమస్యను ఉన్నతాధికారుల దృష్టికి తీసుకెళ్తామని తహసీల్దారు తెలిపారు.’

శీర్షిక మీద కాగితం ముక్క అడ్డం పెట్టించి చదివించండి. ‘కంట కన్నీరు’ ముందే కంటబడితే పిల్లవాడు ఏ పక్షమో అక్కడే ఖాయమైపోతుంది, మిగతా వార్తంతా ఆ కన్నీటిలోంచే చదువుతాడు. ఒకసారి ఎవరైనా పైకి చదవాలి. రెండోసారి అందరూ పెన్సిలు పట్టుకుని మౌనంగా చదవాలి.

తర్వాత నోటుబుక్కులో మూడు గడులు గీయించండి: ఏం చెప్పారు, ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలుసు. అసలు పనంతా ఈ పట్టికలోనే ఉంది. ‘ధర్నా జరిగింది’ అన్నది విలేకరి చూసిన సంగతి. ‘దిగుమతి వల్లే’ అన్నది సంఘం నాయకుల మాట. ‘గిరాకీ లేదు’ అన్నది వ్యాపారుల మాట. ‘ధర రోజురోజుకూ పడిపోతోంది’ అన్న దగ్గర ఆపండి. పోయిన వారం ధరెంత? నిరుడెంత? వార్తంతా వెతికినా ఉన్నది 10 వేలు ఒక్కటే. పడిపోయిందని చెప్పాలంటే రెండు అంకెలు కావాలి కదా. ఈ లోటును పిల్లలే కనిపెట్టేదాకా మీరు నోరు మెదపొద్దు. ఒక్కసారి పట్టుకున్నారంటే, ‘భారీగా పెరిగింది’, ‘గణనీయంగా తగ్గింది’ అని ఎక్కడ కనబడినా ‘దేనికంటే?’ అని వాళ్లే అడుగుతారు.

విలేకరులు వాడే క్రియలు కూడా ఈ గడుల దగ్గరే నేర్పాలి. ‘తెలిపారు’ అంటే చెప్పిన మాట చెప్పినట్టు చేరవేయడం. ‘ఆరోపించారు’ అంటే ఇంకా రుజువు కాలేదని. ‘స్పష్టం చేశారు’ అంటే ఆ మాటకు విలేకరి కొంచెం బలం ఇచ్చాడని. ‘తెలుస్తోంది’, ‘సమాచారం’, ‘విశ్వసనీయ వర్గాలు’ అని ఉంటే రెండో గడిలో పేరేదీ రాయకుండా ఖాళీ వదలమనండి. ఆ ఖాళీయే చాలా చెబుతుంది.

ఇక ప్రశ్న. క్లాసులో ఎక్కువగా బెడిసికొట్టేది ఇక్కడే. ‘రైతులకు న్యాయం జరుగుతుందా?’ లాంటి ప్రశ్నకు వార్తలోంచి జవాబు రాదు. ‘రెండు పక్షాలూ చెరో కారణం చెప్పాయి, ఏది నిజమో ఏ వివరంతో తేలుతుంది?’ అన్నది పనికొచ్చే ప్రశ్న. దీన్ని బోర్డు మీద అందరూ కలిసి విప్పాలి. వ్యాపారులన్నట్టు గిరాకీ లేకపోతే పప్పు ధర కూడా తగ్గి ఉండాలి. పప్పు ధర నిలకడగా ఉండి పిక్క ధర మాత్రమే తగ్గితే, రైతులన్నట్టు బయటి పిక్కలు వచ్చి పడటమే కారణమనే వాదనకు బలం వస్తుంది. అంటే పప్పు ధర నిరుడెంత, ఇప్పుడెంత అన్న రెండు అంకెలతో వాదన చాలావరకు ఒక కొలిక్కి వస్తుంది. ఆ రెండూ వార్తలో లేవు. పలాస, కాశీబుగ్గ పిల్లలకైతే ఇంట్లో అడిగితే తెలిసిపోతుంది, జీడి పరిశ్రమల్లో పనిచేసే కుటుంబాలు అక్కడ అన్ని వీధుల్లోనూ ఉంటాయి.

లెక్క కూడా వేయించండి. పిక్కల బరువులో పప్పు ఇంచుమించు నాలుగో వంతు. 80 కిలోల బస్తాకు 20 కిలోల పప్పు వస్తుందనుకుందాం. బస్తా 10 వేలైతే కిలో పప్పులో పిక్కల ఖర్చు 500, 16 వేలైతే 800. దాని మీద ఉడికించడం, కొట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగు ఖర్చులు పడతాయి. గుండు పప్పుకున్న ధర బద్దకీ ముక్కకీ రాదు. అంత ఇవ్వగలరా లేదా అన్నది మళ్లీ పప్పు ధర దగ్గరికే వచ్చి ఆగింది. గుణకారం వచ్చిన పిల్లలందరూ చేయగలిగిన పని ఇది. లెక్కల టీచరు పక్క క్లాసులో ఉంటే పిలవండి.

ఇప్పుడు రాయడం. పొడవాటి నోటుబుక్కులో ఒక పేజీ, పన్నెండు వాక్యాలు. మూడింటిలో వార్త సారాంశం, ఎవరి మాట ఎవరిదో చెబుతూ. ఒక వాక్యంలో ప్రశ్న. అయిదారు వాక్యాల్లో తర్కం, అందులో కనీసం రెండు పట్టికలోంచి తీసినవి. ఒకటో రెండో తన మాటకు ఎదురు నిలిచే సంగతులు. ఆఖరి వాక్యంలో, ఏ వివరం దొరికితే తన అభిప్రాయం మార్చుకుంటాడో. తర్కం భాగం ఇలా ఉంటే చాలు:

‘ధర తగ్గిందని ఇద్దరూ ఒప్పుకున్నారు, కారణం దగ్గరే తేడా వచ్చింది. అయితే ఎంత నుంచి ఎంతకు తగ్గిందో ఎవరూ చెప్పలేదు. గిరాకీ లేదన్న వ్యాపారులు పప్పు ధర చెప్పలేదు. దిగుమతి వల్లేనన్న నాయకులు ఎన్ని టన్నులు వచ్చాయో చెప్పలేదు. ఈ వార్తను బట్టి రైతుకు కష్టం వచ్చిందని నమ్మవచ్చు కానీ, ఎవరి వల్ల వచ్చిందో చెప్పలేం.’

నలభై అయిదు నిమిషాల పీరియడులో చదవడానికి ఏడు, పట్టికకు పది, ప్రశ్నకు ఎనిమిది, రాయడానికి ఇరవై సరిపోతాయి. చర్చ రక్తి కట్టిందని సాగదీస్తే రాత ఇంటిపని అయిపోతుంది, ఇంటిపని అయితే ఒకరి నోటుబుక్కు పదిమందికి వెళుతుంది. రోజూ పట్టిక వేయించినా ఫరవాలేదు కానీ పూర్తి రాత వారానికి రెండు మించొద్దు. ఆ రెండిట్లో ఒకటి తప్పకుండా తిరగరాయించాలి. తిరగరాతలో వచ్చే మెరుగు కొత్త రాతలో రాదు.

ముగింపు వాక్యాన్ని ఉత్తినే నిషేధిస్తే పిల్లలు ‘అధికారులు స్పందించాలి’ అని మార్చి రాస్తారు. దానికి ఒక షరతు పెట్టండి. చర్య అని రాస్తే ఏ శాఖ, ఏం చేయాలి, డబ్బెక్కడిది అన్న మూడూ రాయాలి. ఊళ్లోని సచివాలయం చేసేదేది, మండల కార్యాలయం చేసేదేది, మార్కెటింగ్ శాఖదేది అని వెతుక్కోవలసి వచ్చేసరికి, ఆ వాక్యం రాయడం మానేస్తారు, లేదా నిజంగా పనికొచ్చేది రాస్తారు.

రైతు ఇంటి పిల్లవాడికి ఇంకో ఇబ్బంది ఉంటుంది. రైతుల మాటకు ఆధారం అడగడమంటే తండ్రికి ఎదురు తిరిగినట్టే అనిపిస్తుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రైతు ఇంటి పిల్లవాడికి వ్యాపారుల మాటలు, వ్యాపారి ఇంటి పిల్లకు రైతుల మాటలు అప్పగించి, వాటిని వీలైనంత బలంగా నిలబెట్టే పని ఇవ్వండి. తప్పు పట్టమనకండి. ఆ తర్వాత సొంతంగా రాసేటప్పుడు ఇద్దరి చేయీ తేలికవుతుంది.

కారణం విషయంలో జాగ్రత్త నేర్పడానికి ఉద్దానం కిడ్నీ వ్యాధి వార్తలను మించినవి లేవు. కవిటి, సోంపేట, కంచిలి పిల్లలకు అది ఇంటి సంగతి, మాట మెత్తగా ఉండాలి. ‘నీళ్ల వల్లే’ అని అందరూ రాస్తారు. భూగర్భ జలం, పురుగుమందులు, ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోయేలా పనిచేయడం, వంశపారంపర్యం అన్నీ పరిశోధకులు పరిశీలించినవే, కారణం ఇదీ అని మాత్రం ఇంకా తేలలేదు. ‘డయాలసిస్ రోగులు పెరిగారు’ అన్న వార్త వస్తే జబ్బు పెరిగిందా, పరీక్షలూ పడకలూ పెరిగి బయటపడినవాళ్లు పెరిగారా అని అడిగించండి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. అలాంటి కేంద్రం వచ్చాక లెక్క పెరగడానికి జబ్బు పెరగడమైనా, బయటపడినవాళ్లు పెరగడమైనా కారణం కావచ్చు.

మొదటి రోజు వార్తకూ నాలుగో రోజు వార్తకూ తేడా చూపించడానికి, విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర 2023 అక్టోబరు 29న రెండు పాసింజరు రైళ్లు ఢీకొన్న ప్రమాదపు క్లిప్పింగులు దొరికితే వరసగా అతికించండి. మృతుల సంఖ్య ఒకరోజుకూ మరో రోజుకూ మారుతూ వచ్చింది. మొదటి రోజు అంకెలతో రాసిన విశ్లేషణ తారీఖు లేకపోతే తప్పుడు రాత అవుతుంది. అందుకే ప్రతి పేజీ పైన పేపరు పేరు, తేదీ, పేజీ సంఖ్య రాయాలి.

దిద్దేటప్పుడు పేజీ అంతా ఎర్రసిరా పోయకండి. మూడు గుర్తులు చాలు: ఎవరి మాటో రాయకపోతే ‘ఎ’, ఆధారం లేకపోతే ‘ఆ’, ఒక వాక్యం నుంచి తర్వాతిదానికి మధ్యలో మెట్టు వదిలేసి దూకితే ‘దూ’. పదికి మార్కులు వేయాలంటే సారాంశానికి రెండు, ప్రశ్నకు రెండు, తర్కానికి నాలుగు, ఎదురు సంగతికి ఒకటి, భాషకు ఒకటి. అక్షరదోషాలు విడిగా చూడండి. రెండూ కలిపి దిద్దితే పిల్లలు అక్షరాలే దిద్దుకుంటారు, ఆలోచన అలాగే ఉండిపోతుంది.

భాష గురించి ఒక మాట. పేపరు చదివిన గంటకే పిల్లల రాతలోకి ‘వెల్లువెత్తుతున్న’, ‘అక్కరకు రాని’, ‘మిన్నంటిన’ వచ్చేస్తాయి. అవి తీసేసి ఇంట్లో చెప్పినట్టు రాయమనండి. వాడుక భాష కోసం ఒక జీవితకాలం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన పర్వతాలపేట ఈ జిల్లాలోదే. ‘ఆందోళన వెల్లువెత్తింది’ అన్నదాన్ని ‘నలభై మంది గంటసేపు కూర్చున్నారు’ అని మార్చగానే అది పెద్ద ధర్నానా, చిన్నదా అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

ఇది పట్టుబడ్డాక ఒకే వార్తను రెండు పేపర్లలో చదివించండి. ‘సార్, ఆ పేపరు ఆ పార్టీది’ అని వెంటనే అంటారు. ఆ మాట విశ్లేషణ కాదు, వార్తలో ఎక్కడ కనబడిందో చూపించాలి. రెండు వార్తలకూ రెండు పట్టికలు వేసి పక్కపక్కన పెట్టండి. రెండిట్లోనూ ఉన్న వరసలు కొట్టేయండి. ఒక్కదాంట్లోనే ఉన్న వరసలు మిగులుతాయి. పన్నెండు వాక్యాలూ వాటి మీదే రాయాలి. స్కూలుకి ఒక్క పేపరే వస్తుంటే ఊళ్లో శాఖా గ్రంథాలయం నుంచో టీ కొట్టు నుంచో ముందురోజు పేపరు అడిగి తెచ్చుకోండి. ఒకరోజు పాతదైనా ఈ పనికి లోటేమీ రాదు.