నాన్నమ్మ పేరు వద్దన్నది నాన్నమ్మే

మా తమ్ముడికి కూతురు పుట్టింది. మేనత్తని కదా, పేరు వెతికే పని నా నెత్తిన పడింది. పడింది అనడం కూడా అబద్ధమే, నేనే మీద వేసుకున్నాను. పంతులుగారికి ఫోన్ చేస్తే హస్తా నక్షత్రం అన్నారు. హస్తకి నాలుగు పాదాలకీ పంచాంగంలో ఇచ్చిన అక్షరాలు పూ, ష, ణ, ఠ. పిల్ల ఇంకొన్ని గంటలు ఆలస్యంగా పుట్టి ఉంటే ఏం చేసేవాళ్ళమో, ణ తోనో ఠ తోనో మొదలయ్యే పేరున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. మా అదృష్టం, మొదటి పాదం. పూ అన్నా పు అన్నా ఒకటేనమ్మా అన్నారు పంతులుగారు.

"ఇంకేం, నాన్నమ్మ పేరే ఉందిగా" అని ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

అందరూ చూశారు, నీలం టిక్కులు పడ్డాయి. ఒక్కరూ మాట్లాడలేదు. పావుగంట తర్వాత మా తమ్ముడు నవ్వే బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు.

మా నాన్నమ్మ పేరు పుల్లమ్మ.

ఆ పేరు ఎలా వచ్చిందో ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడకి ముందు ముగ్గురు పుట్టి పోయారట. నాలుగో కానుపులో ఈవిడ పుడితే, ఎంగిలి విస్తరాకుల్లో దొర్లించి, అంటే పుల్లాకుల్లో, ఎవరికీ అక్కర్లేని పిల్ల అని మృత్యువుకి నమ్మకం కలిగేలా ఆ పేరు పెట్టారు. పెంటయ్య, తవిటమ్మ లాంటి పేర్ల వెనక కూడా ఇదే కథ, పెంట మీద పడుకోబెట్టడమో, గుప్పెడు తవుడు తీసుకుని ఎవరికో అమ్మినట్టు చేసి మళ్ళీ తెచ్చుకోవడమో. బిడ్డ బతకాలని తల్లి పడిన తాపత్రయం అంతా ఆ పేర్లలో ఉంది. ఇప్పుడు వింటే మాత్రం నవ్వుతాం.

నిజానికి ఒకప్పుడు ఆ పేర్లకి ఇంత చిన్నచూపు లేదు. తెలుగు సినిమా తొలిరోజుల్లో పెద్ద దర్శకుడు చిత్తజల్లు పుల్లయ్య మన కాకినాడ ఆయనే, ఆ పేరు పెట్టుకుని ఎవరికంటే తక్కువగా బతికారు? పిల్లలు పోయే బాధ అన్ని ఇళ్ళలోనూ ఉండేది కాబట్టి ఆ పేర్లు కూడా అన్ని ఇళ్ళలోనూ ఉండేవి. తర్వాత డబ్బున్న ఇళ్ళు వాటిని వదిలేశాయి, లేని ఇళ్ళలో ఇంకో తరం పాటు ఉండిపోయాయి, దాంతో అవి లేనివాళ్ళ పేర్లు అయిపోయాయి.

(పేరు చచ్చిపోవడానికి ఒక్క మనిషి చాలు అనడానికి సూర్యకాంతం గారే సాక్ష్యం. ఆవిడా కాకినాడ వైపు మనిషే, 1924లో పుట్టారు. గయ్యాళి అత్తగా ఎంత బాగా నటించారంటే, ఇక ఆడపిల్లకి ఆ పేరు పెట్టే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. అంత అందమైన పేరు.)

అయితే పేరొక్కటే చూస్తే సగం కథే తెలుస్తుంది. మా వైపు సత్యనారాయణలు కోకొల్లలు, అన్నవరం స్వామి పుణ్యాన ప్రతి వీధికీ ఇద్దరు ముగ్గురు ఉంటారు. అంతర్వేది వల్ల నరసింహమూర్తులు, మురమళ్ళ వీరేశ్వరుడి వల్ల వీరేశ్వరరావులు, అలాగే. దేవుడు అందరికీ ఒకే పేరు ఇచ్చాడు, ఊరు దానికి తోక తగిలించింది. మా తాతయ్యా సత్యనారాయణే, ఆయన ఎవరి చేను కౌలుకి చేశాడో ఆ కామందు గారూ సత్యనారాయణే. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళే లేరు, కామందు గారు అనేవారు. మా తాతయ్యని సత్తిగాడు అనేవారు. కామందు గారి మూడో కొడుక్కి కూడా అదే పేరు కలిసొస్తే ఆ అబ్బాయి సత్తిబాబు గారు అయ్యాడు, ఎనిమిదేళ్ళ వయసులో. మా తాతయ్యకి అప్పటికి నలభై దాటాయి. ఆ పిల్లాడు వీధిలోంచి "ఒరే సత్తీ" అని కేకేస్తే ఈయన "ఆయ్, వస్తన్నానండి" అని పరిగెత్తేవాడు. మా నాన్న ఈ కథ చెప్పేటప్పుడు కోపంగా చెప్పడు, నవ్వుతూ చెబుతాడు, నాకు అదే ఇబ్బందిగా ఉంటుంది.

మా క్లాసులో ఒకమ్మాయికి రెండు పేర్లుండేవి. చర్చిలో ఒకటి, రిజిస్టర్లో ఒకటి. చిన్నప్పుడు భలే ఉందే అనుకునేదాన్ని. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకి ఎస్సీ హోదా ఉండదని, మన రాష్ట్రంలో వాళ్ళని బీసీ-సీ కింద లెక్కేస్తారని, ఆ గ్రూపుకి ఉన్న రిజర్వేషన్ ఒక్క శాతమని డిగ్రీకి వచ్చాక తెలిసింది. వాళ్ళ నాన్న రెండో పేరు సరదాకి పెట్టలేదు. పేరుదేముందిలే అనేవాళ్ళకి ఇంకోటి గుర్తు చేస్తాను, మా కోనసీమ జిల్లా పేరుకి అంబేడ్కర్ పేరు చేరుస్తామన్నందుకు 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. ఆ పేరులో ఏ కులం వినిపించిందో తగలబెట్టినవాళ్ళకీ తెలుసు, చూస్తూ నిలబడ్డవాళ్ళకీ తెలుసు.

సరే, మా ఇంటి సంగతి. సాయంత్రం మా మరదలు ఫోన్ చేసింది. బెంగళూరులో ఉద్యోగం, నెమ్మదస్తురాలు. "వదినా, ఏమీ అనుకోకండి. నాన్నమ్మ గారంటే నాకూ ఇష్టమే. కానీ పేరు వినగానే దీని ఊరు, కులం, వీళ్ళకెంత ఉంది అన్నది ఎవరికీ తెలియకూడదు. అదొక్కటే నాకు కావాల్సింది" అంది. నా దగ్గర జవాబు లేదు. తను పంపిన లిస్టు చూశాను. జశ్విక, హన్విక, రిత్విక, అన్నీ విక లే. కొన్నింటికి అర్థం ఉందో లేదో కూడా అనుమానమే, అయినా వాటి మీద ఏ వీధి మట్టీ అంటలేదు, అదే వాటి గొప్ప.

కాకపోతే అక్కడా ఒక తిరకాసు ఉంది. మా ఊరి అంగన్‌వాడీకి వెళ్ళి చూడండి, చేపల చెరువు మీద కాపలా ఉండేవాళ్ళ పిల్ల హన్విక, కొబ్బరి వలుపుకి వెళ్ళేవాళ్ళ అబ్బాయి రియాన్ష్. పదేళ్ళ కిందట ఉద్యోగస్తుల ఇళ్ళలో మొదలైన పేర్లే ఇవి. కింది ఇళ్ళకి వచ్చేసరికి పై ఇళ్ళవాళ్ళు చల్లగా జారుకున్నారు. ఆ కామందు గారి ముని మనవరాలు హైదరాబాదులో పుట్టింది, పేరు జానకి. ఉత్త జానకి, వెనకా ముందూ ఏమీ లేదు. ఎంత క్లాస్‌గా ఉందో అని మా తమ్ముడే మెచ్చుకున్నాడు. పాత పేరు తిరిగి పెట్టుకునే ధీమా ఎవరికుంటుందో చూడండి, ఆ పేరుతో ఎవరి చేతా కేకలు వేయించుకోని వాళ్ళకి. జానకి అని గట్టు మీంచి ఎవరూ అరిచి ఉండరు. పుల్లీ అని అరిచారు.

ఇదంతా బుర్రలో పెట్టుకుని ఆదివారం ఊరెళ్ళాను. నాన్నమ్మ అరుగు మీద చేటలో బియ్యం బాగుచేస్తోంది. విషయం చెప్పాను. పొంగిపోతుందనుకున్నాను.

"నా పేరా? వద్దే" అంది, చేటలోంచి తలెత్తకుండానే.

"అదేంటి నాన్నమ్మా?"

కాసేపు రాళ్ళు ఏరింది. "నా పేరు చివర అమ్మ ఉందని నాకే చాలా ఏళ్ళు తెలీదే. పుట్టింట్లో పుల్లి, అత్తారింట్లో పుల్లి, ఊడ్పుల్లో పుల్లి. డ్వాక్రాలో చేరాక బ్యాంకుకి తీసుకెళ్ళారు. లోపల్నించి ఎవరో పుల్లమ్మ గారూ, పుల్లమ్మ గారూ అని పిలుస్తున్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరో పెద్దావిడ వచ్చిందేమోనని." నవ్వింది. ఏరిన రాయి ఒకటి వేలితో ముంగిట్లోకి విసిరింది. "మా అమ్మకి నేను బతకడం కావాలి, అందుకని పెట్టింది. ఈ పిల్ల ఎలాగూ బతుకుద్ది, ఆస్పత్రిలో పుట్టింది. దానికెందుకు నా పేరు?"

నాకింక మాట రాలేదు. ఆవిడ పేరుకి మర్యాద చేస్తున్నాననుకుని బయల్దేరాను. ఆ పేరు మొయ్యాల్సింది నేను కాదు కదా. నా పేరు బాగానే ఉంటుంది.

ఇరవై ఒకటో రోజు బారసాల అయింది. పూ అక్షరంతో జాతకంలో ఒక పేరు రాసుకుని, పిలవడానికి వేరే పేరు పెట్టుకోవచ్చని పంతులుగారు దారి చూపించారు. పళ్ళెంలో బియ్యం పోసి మా తమ్ముడు ఉంగరంతో రాశాడు. మూడు అక్షరాలు, మా మరదలి లిస్టులోదే, ఇక్కడ రాయను. నాన్నమ్మకి ఆ ఒత్తు నోరు తిరగదు, ఆవిడకి అది బుజ్జే. జననం ఆస్పత్రివాళ్ళే నమోదు చేయించారు, ఏడాదిలోపు పేరు చేర్పిస్తే రుసుం కూడా లేదు. మా తమ్ముడికి మాత్రం టెన్షన్, 2023 అక్టోబరు నుంచి పుట్టిన పిల్లలకి బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఆ కాగితమే ఆధారం అంటున్నారుగా, స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా వస్తే జన్మంతా తిప్పలే అని నాలుగుసార్లు సరిచూశాడు.

మొన్న రాజోల్లో పాలకొల్లు బస్సెక్కాం, నేను, మరదలు, పిల్ల. చించినాడ వంతెన మీదకి వచ్చేసరికి పక్క సీట్లో పెద్దావిడ పిల్ల బుగ్గ పుణికి పేరేంటమ్మా అని అడిగింది. మా మరదలు చెప్పింది, ఒక్కో అక్షరం విడివిడిగా, ఎంతో మురిపెంగా.

"బాగుందమ్మా, చక్కగా ఉంది" అంది ఆవిడ. పేరుని నోట్లో ఒకసారి తిప్పుకుంది. కిటికీలోంచి గోదారి చూసింది. మళ్ళీ ఇటు తిరిగింది.

"ఇంతకీ మీ ఇంటిపేరేంటమ్మా?"