సైలెన్సర్‌లోంచి నీళ్లు కారితే "సార్‌ను పిలవండి" అన్నారు – నా అనుభవం

ముందే చెప్పేస్తున్నా, మా కారుకు ఏ రోగమూ లేదు. నిన్న సాయంత్రం తేలిపోయింది. కానీ ఆ సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర నన్ను నిలబెట్టిన తీరు మాత్రం గొంతులో దిగడం లేదు, అందుకే ఆదివారం పూట వంట పక్కన పెట్టి ఇది రాస్తున్నా.

మాది నల్గొండ. సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న పెట్రోల్ కారు. ఆర్‌సీ నా పేరు మీదే ఉంది, ఈఎంఐలు నా జీతంలోంచే పోయాయి. బడి ఇంటికి మూడు కిలోమీటర్లు. పొద్దున పోవడం, సాయంత్రం రావడం, ఎప్పుడన్నా కూరగాయలకు క్లాక్ టవర్ దాకా, అంతే దాని తిరుగుడు. సంక్రాంతి సెలవులయ్యాక చలి ఇంకా పోలేదు కదా, పొద్దున్నే స్టార్ట్ చేస్తే వెనక తెల్లగా ఆవిరి, సైలెన్సర్ మూతి నుంచి టప్ టప్ మని చుక్కలు. వాకిట్లో బండల మీద నల్లటి మరకలు పడ్డాయి. వేలి మీద ఒక చుక్క పట్టి చూశాను. మసి కలిసిన నీళ్లు, జిడ్డు లేదు, వాసన లేదు. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) అయితే చేతికి జారుడుగా తగులుతుంది, తియ్యటి వాసన వస్తుంది. నాలుక మీద పెట్టి చూసే తెలివి మాత్రం ఎవరూ చూపించకండి, అది విషం.

పక్కింటి పెద్దాయన గేటు దగ్గర నుంచే తీర్పు చెప్పేశాడు: "ఇంజన్లకు నీళ్లు పోతున్నయ్ టీచరమ్మా, హెడ్ గ్యాస్కెట్ పోయింది." హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజన్‌కూ దాని పైన బిగించే హెడ్‌కూ మధ్య ఉండే సీలు, అది పోతే కూలెంట్ ఇంజన్ లోపలికి పోతుంది. నాకు నమ్మకం కలగలేదు కానీ టెన్షన్ మాత్రం పట్టుకుంది. ఫోన్‌లో సర్వీస్ బుక్ చేయడం నిమిషం పని. తీసుకెళ్లి అప్పగించడం ఇంకో నిమిషం.

ఆ తర్వాత మొదలైంది అసలు కథ. అడ్వైజర్ కుర్రాడు, నేను పాఠాలు చెప్పిన పిల్లల వయసు ఉంటుందేమో, నన్ను చూడగానే అడిగిన మొదటి మాట "సార్ రాలేదా మేడం?" సార్ మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు చూసుకుంటున్నాడు, కారు నాది, చెప్పు బాబూ అన్నాను. బానెట్ ఎత్తి, ఆయిల్ మూత విప్పి, లోపలి వైపు తిప్పి చూపించాడు. అంచున మజ్జిగ నురగలాగా తెల్లగా పల్చటి పొర. "చూడండి, ఆయిల్‌లో నీళ్లు కలిశాయి. హెడ్ దించాలి, ఫేసింగ్ చేయించాలి (అంటే హెడ్ అడుగును చదును చేయించాలి), గ్యాస్కెట్ మార్చాలి. ముప్పై రెండు వేలు, జీఎస్టీ వేరే. దించాక లోపల ఇంకేం బయటపడుతుందో ఇప్పుడే చెప్పలేం."

డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ కొలిచే పుల్ల) చూపించమన్నాను. "అది మేం చూసుకుంటాం మేడం" అన్నాడు. నేనే లాగి నా కర్చీఫ్‌కు తుడిచాను. ముదురు గోధుమ రంగు ఆయిల్, పాలు కలిసిన ఛాయ ఎక్కడా లేదు. కూలెంట్ డబ్బాలో నీళ్లు మిన్‌కూ మ్యాక్స్‌కూ మధ్య ఎప్పుడూ ఉండే చోటే ఉన్నాయి. హీట్ ముల్లు ఇన్నేళ్లలో సగం దాటలేదు. ఇవన్నీ చెప్పి, పెట్రోలు కాలితే నీళ్లే పుడతాయి, సైలెన్సర్ చల్లగా ఉన్నంతసేపు ఆ ఆవిరే చుక్కలవుతుంది అన్నాను. అప్పుడు వాడు పక్క కౌంటర్ వాడి వైపు తిరిగి "మేడం పెట్రోల్ కాలిస్తే నీళ్లొస్తాయంటున్నారు రా" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. సోఫాలో కూర్చున్న కస్టమర్లు కూడా ఫోన్లలోంచి తలలెత్తి నన్ను చూశారు. నా చేతిలో నల్లటి మరకల కర్చీఫ్.

ఒక్క మాట చెప్పనివ్వండి. నేను హైస్కూల్‌లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. పదో తరగతిలో కార్బన్ సమ్మేళనాల పాఠం చెప్పి చెప్పి గొంతు అరిగిపోయింది. పెట్రోలంటే హైడ్రోకార్బన్లు. కార్బన్ ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఆక్టేన్‌తో లెక్క కట్టి చూడండి, లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరి రూపంలో బయటికి పోతాయి. బండి కింద ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా కాలకుండా మిగిలినదాన్ని ఆ రెండింటిగానే మారుస్తుంది. మా బడిలో ఇంకో మేడంది సీఎన్‌జీ కారు, దానికి ఇంకా ఎక్కువ కారుతుంది, ఎందుకంటే మీథేన్‌లో హైడ్రోజన్ పాలు ఎక్కువ, కిలో కాలితే రెండుంపావు కిలోల నీరు. నా దగ్గర చదివిన పిల్లలు ఈ సమీకరణం నిద్రలో లేపి అడిగినా బ్యాలెన్స్ చేస్తారు. అద్దాల గదిలో టై కట్టుకుని కూర్చున్నవాడికి అది జోకైంది.

అక్కడితో ఆగినా పోయేది. వాడు నా ముందే మా ఆయనకు ఫోన్ కొట్టాడు, ఎప్పుడో ఆయన సర్వీస్‌కు తెచ్చినప్పుడు ఇచ్చిన నంబరు రికార్డులో ఉందట. "సార్, మేడంకు అర్థం కావట్లేదు, ఇంజన్ సీజ్ అయ్యే ప్రమాదం ఉంది" అని. అవతల మిల్లు చప్పుడులో ఆయనకు ఏం వినపడిందో, ఏం అర్థమైందో, భయపడి సరే చేయండి అనేశాడు. "సార్ ఓకే అన్నారు మేడం, మీరు ఆటోలో వెళ్లిపోండి." ఆ సార్ సంగతి ఇంటికొచ్చాక వేరే చూసుకున్నాను, అది ఇక్కడ రాయను.

నేను ఒకటే పట్టు పట్టాను. హెడ్ గ్యాస్కెట్ పోయిందని కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి, అప్పుడే బండి వదులుతా. రాయలేదు. మేనేజర్ వచ్చి "అలా రాసివ్వం మేడం" అన్నాడు. మరి నోటితో ఎలా చెప్పారు? ఎవరైనా ఇలా వేలకు వేలు చెప్తే కాగితం అడగండి, సగం రోగాలు అక్కడే నయమవుతాయి. చివరికి చెకప్ చార్జి 590 రూపాయలు కడితే తప్ప గేట్ పాస్ ఇవ్వమన్నారు. కట్టాను. బిల్లు మీద "జనరల్ చెకప్" అని ఉంది.

అక్కడి నుంచి నేరుగా దేవరకొండ రోడ్డులో ఒక భాయ్ షెడ్డుకు. ఆయన నవ్వలేదు, ముందు రోజూ ఎంత దూరం తిప్పుతానో అడిగాడు. ఇంజన్ చల్లారేదాకా కూర్చోబెట్టాడు (వేడి మీద రేడియేటర్ మూత విప్పితే మొహం కాలుతుంది, గుర్తుంచుకోండి). స్పార్క్ ప్లగ్గులు తీసి చూపించాడు, అన్నీ ఒకే రంగులో పొడిగా ఉన్నాయి. రేడియేటర్‌కు చేతిపంపు బిగించి ప్రెషర్ ఎక్కించి, చాయ్ తాగొచ్చాడు. ముల్లు పెట్టినచోటే ఉంది, అంటే ఎక్కడా లీకు లేదు. "ఏం కాలే టీచరమ్మా, బండి మంచిగున్నది. మూడు కిలోమీటర్లకు ఇంజన్ ఏం వేడెక్కుతది? జర హైవే మీద తిప్పుండ్రి." మూత కింది తెల్ల పొర కూడా అదేనట, ఇంజన్ సరిగా కాగకపోతే లోపలి ఆవిరి పోయి చల్లటి మూతకు పట్టి ఆయిల్‌తో కలుస్తుంది. చలికాలం, దగ్గరి తిరుగుడు బండ్లలో చాలావాటికి ఉంటుందన్నాడు. మూత తుడిచి బిగించాడు. మూడొందలు తీసుకున్నాడు.

నార్కట్‌పల్లి దాకా వెళ్లొచ్చాను. సైలెన్సర్ మూతి ఎండిపోయింది, ఆవిరి లేదు, ఆయిల్ మూత తీసి చూస్తే శుభ్రంగా ఉంది.

అలాగని అందరూ ధీమాగా ఉండకండి. ఇంజన్ బాగా కాగిన తర్వాత కూడా తెల్లపొగ ఆగకపోయినా, కూలెంట్ పోసిన కొద్దీ తగ్గుతున్నా, హీట్ ముల్లు పైకెక్కినా, కూలెంట్ డబ్బాలో బుడగలు వస్తున్నా, డిప్‌స్టిక్ మీదే ఆయిల్ పాల చాయలా కనిపించినా అప్పుడు హెడ్ గ్యాస్కెట్ నిజంగానే పోయి ఉండొచ్చు, బండి నడపకుండా ఆపేసి చూపించండి. డబ్బా మీద మార్కర్‌తో గీత పెట్టుకుంటే తగ్గుతుందో లేదో తెలిసిపోతుంది. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి. మన జిల్లా ఫ్లోరైడ్ బోరు నీళ్లు మనుషుల ఎముకలనే వదల్లేదు, రేడియేటర్‌ను వదులుతాయా. సైలెన్సర్ కింద కొన్ని బండ్లకు సన్నటి రంధ్రం ఉంటుంది, నీళ్లు పోవడానికి కంపెనీ వాళ్లు పెట్టిందే, లీకేజీ అని వెల్డింగ్ చేయించకండి. నీళ్లు లోపలే నిలిస్తే సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు పట్టి పోతుంది. నేనైతే ఇక వారానికి ఒకసారి హైవే ఎక్కించాలనుకుంటున్నా.

590 వాపసు ఇవ్వాలని, రికార్డులో మా ఆయన నంబరు తీసేసి నాది పెట్టాలని ఆర్‌సీ కాపీ జతచేసి పొద్దున మెయిల్ పెట్టాను. ఫిర్యాదు అందిందని మెషిన్ జవాబు వచ్చింది. రెండు రోజులు చూసి కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తా.