జీక్‌నీ నన్నూ ఒకే నెలలో తీసేశారు

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు జీక్‌తో ఈ పోలిక తల్చుకుంటే నాకే నవ్వొస్తుంది, అతని కాంట్రాక్టు 9 కోట్ల డాలర్లు, నాది గంటల లెక్క. అయినా చెప్తా.

నేను డాలస్‌లో దిగింది 2016 అక్టోబర్‌లో. అర్వింగ్‌లో కన్సల్టెన్సీ వాళ్ల గెస్ట్‌హౌస్, రెండు బెడ్‌రూముల్లో ఆరుగురం. ఆదివారం చికెన్ వండేది ఒకడు, గిన్నెలు కడిగేది ఇంకొకడు, టీవీలో మాత్రం ఎప్పుడూ ఫుట్‌బాలే. కాలితో తన్నని దానికి ఆ పేరేంట్రా అని మావాళ్ల గోల. ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన, టెక్సాస్‌లోనే పుట్టి పెరిగినవాడు, కాగితం మీద గీసి చెప్పాడు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగిస్తారు. క్వార్టర్‌బ్యాక్ బంతి విసరొచ్చు, లేదా రన్నింగ్ బ్యాక్ చేతిలో పెట్టొచ్చు. చేతిలో పెడితే ఇంక అతను దాన్ని పొట్టకి అదుముకుని అవతలి పదకొండు మంది మీదకి పోవడమే. నాకు కబడ్డీ రైడరే గుర్తొచ్చాడు, కాకపోతే కూత లేదు, గీత తాకి వెనక్కొచ్చే వీలూ లేదు.

ఆ ఏడాదే డాలస్ టీమ్ కౌబాయ్స్‌లోకి రన్నింగ్ బ్యాక్‌గా కొత్తగా వచ్చాడు ఎజికియెల్ ఎలియట్, ఊరంతా జీక్ అంటారు. గజాలు గెలిచినప్పుడల్లా స్పూన్‌తో తింటున్నట్టు చేయి నోటి దగ్గర ఆడించేవాడు, నాకింకా బంతి పెట్టండి అని దానర్థమట. మొదటి సీజన్‌లోనే 322 సార్లు బంతి మోసి 1,631 గజాలు, లీగ్ మొత్తంలో అందరికన్నా ఎక్కువ. డిసెంబర్‌లో ఒకసారి టచ్‌డౌన్ కొట్టి, అంటే బంతిని అవతలి చివరి గీత దాటించి, సాల్వేషన్ ఆర్మీ అనే సేవా సంస్థ వాళ్లు చందాల కోసం పెట్టిన పెద్ద ఎర్ర కెటిల్‌లోకి దూకి దాక్కున్నాడు. మర్నాడు ఆఫీసులో అదే కబురు, ఆ నవ్వుల్లో మొదటిసారి నేనూ ఉన్నా. ఆ వారమే 21 నంబర్ జెర్సీ కొనేశా.

322 సార్లంటే దాదాపు అన్నిసార్లూ ఎవడో ఒకడు వచ్చి గుద్దినట్టే కదా. కాలేజీ కుర్రాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, జీక్‌లా మొదటి రౌండ్‌లో తీసుకున్న ఆటగాడికి నాలుగేళ్ల కాంట్రాక్టు ముందే బిగిసి ఉంటుంది, ఐదో ఏడు ఉంచుకోవాలా వద్దా అన్నది టీమ్ ఇష్టం. రన్నింగ్ బ్యాక్ ఒంట్లో సత్తువంతా ఆ ఏళ్లలోనే అయిపోతుంది. అందుకే 2019లో జీక్ కొత్త కాంట్రాక్టు కోసం పట్టుబట్టి, టీమ్ ప్రాక్టీస్ క్యాంప్‌కి రాకుండా మెక్సికోలో కూర్చున్నాడు. ఇక్కడేమో అతని స్థానంలోనే ఆడే టోనీ పొలార్డ్ అనే కుర్రాడు ప్రాక్టీస్ మ్యాచ్‌లో బాగా ఆడితే, ఓనర్ జెర్రీ జోన్స్ "జీక్ ఎవరు?" అని జోకేశాడు, అది జీక్ వాళ్లకి బాగానే గుచ్చుకుంది. చివరికి సెప్టెంబర్‌లో ఆరేళ్లకి 9 కోట్లు, అందులో 5 కోట్లు గ్యారంటీ.

2021లో మోకాలి దెబ్బతోనే ఆడాడు. 2022కి వచ్చేసరికి పొలార్డ్ తక్కువసార్లు బంతి తీసుకుని 1,007 గజాలు, జీక్ 876. మన ఐటీ భాషలో చెప్పాలంటే కేటీ, అంటే తన పని ఇంకొకడికి నేర్పి అప్పగించడం, అయిపోయిందన్నమాట. సరిగ్గా అప్పుడే నేను కూడా ఒక కుర్రాడికి కేటీ ఇస్తున్నా, ఎందుకిమ్మన్నారో అడగలేదు, తెలియక కాదు.

2023 జనవరి 22న శాన్ ఫ్రాన్సిస్కో టీమ్‌తో ప్లేఆఫ్, 19-12తో ఓడిపోయిన మ్యాచ్. ఆఖరి బంతికి జీక్‌ని సెంటర్‌లో నిలబెట్టారు, అంటే వంగి బంతి వెనక్కి అందించే పని, అదెప్పుడూ భారీకాయులు చేసేది. అందించీ అందించగానే ఎదుటివాడు వచ్చి గుద్దితే వెల్లకిలా పడ్డాడు. టీవీ ముందు మావాళ్లు పడీ పడీ నవ్వారు, నాకెందుకో నవ్వు రాలేదు.

మార్చి 15న అతన్ని వదిలేశారు, అప్పటికి అతనికి 27 ఏళ్లు. ఆ తర్వాతి వారం నాకూ పావుగంట కాల్, బ్యాడ్జి రిసెప్షన్‌లో ఇచ్చేయమన్నారు. హెచ్-1బీ కాబట్టి 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, లేదంటే సామాను సర్దుకోవాలి. రాత్రిళ్లు నిద్ర లేదు, టెన్షన్‌తో దోసెపిండి కూడా రెండుసార్లు ఫ్రిజ్ బయటే వదిలేసి పులియబెట్టా. 52వ రోజున ఫ్రిస్కోలో దొరికింది, కౌబాయ్స్ హెడ్ ఆఫీస్ ఉన్న ఊళ్లోనే. జీక్‌కి మాత్రం ఆగస్టు దాకా పట్టింది, న్యూ ఇంగ్లండ్ టీమ్‌లో. 2024లో మళ్లీ డాలస్ వచ్చాడు, ఈసారి 15 నంబర్‌తో, సీజన్ మొత్తానికి 226 గజాలు.

అందరి కథా ఇంతే అనను. అదే 2024లో డెరిక్ హెన్రీ అనే ఇంకో రన్నింగ్ బ్యాక్ 30 ఏళ్ల వయసులో బాల్టిమోర్ టీమ్‌కి 1,921 గజాలు పరిగెత్తాడు. అయితే హెన్రీలు ఎంతమంది ఉంటారు?

మొన్న ఫోన్‌లో అమ్మకి ఇదంతా చెప్పా. "27కే ముసలాడంటారా! మరి అన్ని దెబ్బలు తిన్నాడు, పెన్షనైనా ఇస్తారా?" అంది. మూడు సీజన్లు ఆడితే వస్తుందమ్మా అన్నా.

"మరి నీకో?" అంది.

సిగ్నల్ సరిగా లేదని పెట్టేశా.