‘రన్నింగ్‌లో సెట్ అవుతుంది సార్’: అంబాసిడర్ ఇంజిను, బోరింగ్ దశ

ముందు ఇప్పటి స్థితి. మా అంబాసిడర్ కారు ఇంజిను బ్లాకు (సిలిండర్లుండే ఇనుప దిమ్మ) బోరింగ్ (అరిగిన సిలిండర్లను కోసి పెద్దవి చేయడం), హోనింగ్ (రాళ్లతో రుద్ది చివరి కొలతకు తేవడం) పూర్తయి ఏలూరులో మా షెడ్డుకు వచ్చేసింది. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) కొత్త బేరింగుల్లో కూర్చుంది, చేత్తో తిప్పితే ఎక్కడా పట్టకుండా తిరుగుతోంది. ఎండలు ముదరక ముందు మొదలుపెట్టిన ఈ పని దసరా దాటాక గాని తేలలేదు. ఆలస్యంలో పెద్ద వాటా విజయవాడ ఆటోనగర్‌లోని ఒక బోరింగ్ షాపుది. పేరు రాయను. ఆ మేస్త్రి చేతిలో పనితనం ఉంది, మాటలోనే నిలకడ లేదు. పాత కారు ఇంజిను చేయించుకునేవాళ్లకు ఇలాంటి మనిషి ఎప్పుడో ఒకప్పుడు తగులుతాడు కాబట్టి జరిగినదంతా వివరంగా రాస్తున్నాను.

బండి 1984 నాటి అంబాసిడర్ మార్క్ 4, పెట్రోల్. ఇంజిను 1489 సీసీ, బ్రిటన్‌లోని బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బి-సిరీస్ రకం. అసలు బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 73.025 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా 2.875 అంగుళాలు. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 88.9. బ్లాకూ, దాని మీద మూతలా కూర్చునే హెడ్డూ రెండూ పోత ఇనుమే. క్రాంకును మూడే మెయిన్ బేరింగులు మోస్తాయి. హెడ్డు విప్పగానే పిస్టన్ల నెత్తిన 020 అన్న ముద్ర కనిపించింది. అంటే ఎవరో ఇదివరకే ఒకసారి 20 సైజుకు, అసలు కొలతకంటే 20 థౌ పెద్దగా, బోరు చేయించారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, మిల్లీమీటర్లలో 0.0254. ఇరవై థౌ పెరిగాక బోరు 73.53 దగ్గర ఉండాలి. సిలిండర్ల పైభాగంలో, రింగులు తిరిగే చోట, గోరుకు తగిలేంత గట్టు ఏర్పడింది. తర్వాతి మెట్టు 40 సైజు, 74.04 మిల్లీమీటర్లు.

ఆటోనగర్‌కు బ్లాకు తీసుకెళ్లే ముందు మెయిన్ బేరింగ్ క్యాపులన్నిటికీ (క్రాంకును బ్లాకుకు పట్టి ఉంచే మూతలు), పిస్టన్లను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్లకూ వాటి క్యాపులకూ పంచ్‌తో చుక్కలు కొట్టాను. మొదటిదానికి ఒక చుక్క, రెండోదానికి రెండు, అలా. ఆ చుక్కలనూ ఇంజిను నంబరునూ ఫోటో తీసుకున్నాను. మెయిన్ క్యాపులను ఫ్యాక్టరీలో బ్లాకుకు బిగించి, ఆ తర్వాతే క్రాంకు కూర్చునే గుండ్రని ఇల్లు కోస్తారు. అందువల్ల ఒక బ్లాకు క్యాపు ఇంకో బ్లాకుకు పనికిరాదు. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, అక్కడే వస్తుంది చిక్కు. ఈ ఇంజినులో రాడ్ల పెద్ద కన్ను (క్రాంకును పట్టుకునే చివర, బిగ్ ఎండ్) ఏటవాలుగా చీలి ఉంటుంది కాబట్టి, వాటిని ఏ వైపు తిప్పి బిగించాలో కూడా గుర్తు పెట్టాలి.

స్పేర్ పార్టుల దుకాణదారు ఈ షాపు చూపించాడు. మేస్త్రి బోర్లలో వేలు పెట్టి ఒకసారి తిప్పి, “నలభై సైజు పడుతుంది సార్, వారంలో ఇస్తాను” అన్నాడు. వేలితో చెప్పిన కొలత నా గేజ్‌తో సరిగ్గా సరిపోయింది. అందుకే నమ్మాను. ఒక్క షరతు మాత్రం చెప్పాను: పిస్టన్లు తెచ్చి ఇచ్చేదాకా బోరు ముట్టుకోవద్దని. ఒకే పెట్టెలోని పిస్టన్ల మధ్య కూడా అర థౌ తేడా ఉండొచ్చు. ఒక్కో పిస్టన్‌ను మైక్రోమీటర్‌తో కొలిచి, దానికి తగినట్టు దాని బోరు తీయాలి. తల ఊపాడు. సగం డబ్బు అడ్వాన్సుగా తీసుకున్నాడు.

వారం గడిచింది. ఫోను చేస్తే, “ఇప్పుడే మీ పని మీదే ఉన్నాను సార్.” వెనక మెషీను చప్పుడే వినపడదు. తర్వాత కరెంటు లేదు, కుర్రాడు ఊరెళ్లాడు, పెళ్లి ముహూర్తాలు, మోటారు కాలిపోయింది. వీటిలో కొన్ని నిజమే కావచ్చు. అసలు కారణం నాకు అక్కడ ఒక పూట కూర్చున్నాక అర్థమైంది. షాపు ముందు ఎప్పుడూ లారీ బ్లాకులు దిగుతూనే ఉంటాయి. లారీ ఒక రోజు ఆగితే యజమానికి కిస్తీ నెత్తిన ఉంటుంది, డ్రైవరు బత్తా ఉంటుంది, వాళ్లు గుమ్మంలో నిలబడి అరుస్తారు. నా అంబాసిడర్ ఆగితే ఎవరి పొయ్యీ ఆరదు. ఆ సంగతి మేస్త్రికి బాగా తెలుసు. నేను కోపం తెచ్చుకుంటే వరసలో ఇంకా కిందికి పోతాను తప్ప పైకి రాను.

కాబట్టి పద్ధతి మార్చాను. పనినంతా కలిపి అప్పగించడం మానేసి ముక్కలు చేశాను. ముందు హెడ్డులోని వాల్వ్ గైడ్లు (వాల్వ్ కాడ ఆడే గొట్టాలు), సీట్లు (వాల్వ్ మూసుకునే అంచులు). అవి అయ్యాక వాటికి డబ్బిచ్చి హెడ్డు ఇంటికి తెచ్చుకున్నాను. తర్వాతే బ్లాకు సంగతి. ఫోన్లు పూర్తిగా మానేశాను. వెళ్లాల్సి వస్తే పదిన్నరకు, షట్టరు తీసి దీపం పెట్టే వేళకు వెళ్లేవాణ్ని. లారీల వాళ్లు ఇంకా రారు, ఆ గంటలో ఏ పని ముందు మెషీను ఎక్కితే అదే ఆ రోజు పని. టీ తాగుతూ అక్కడే నిలబడితే నా హెడ్డే ఎక్కింది. సీట్ల పని మాత్రం అద్భుతంగా చేశాడు. నీలి రంగు పూసి వాల్వ్ తిప్పి చూస్తే చుట్టూ ఒకే వెడల్పున సన్నటి గీత. గ్రైండింగ్ పేస్టుతో నాలుగు తిప్పులు తిప్పాక పోర్టులో పెట్రోలు పోసి చూశాను, ఒక్క వాల్వ్ కూడా కారలేదు.

ఇక క్రాంకు. అది షాపులో కనిపించలేదు. గట్టిగా అడిగితే, తన గ్రైండింగ్ మెషీను పాడైందని వేరే చోటికి పంపినట్టు చెప్పాడు. నాకు ముందే ఒక మాట చెబితే పోయేది. తీరా వచ్చాక కొలిస్తే వంక పెట్టడానికి లేదు. బిగ్ ఎండ్ జర్నళ్లు (రాడ్లు పట్టుకునే చోట క్రాంకు గుండ్రని భాగాలు) నాలుగూ 20 అండర్‌కు, అంటే అసలుకంటే 20 థౌ తక్కువకు, పావు థౌ లోపే ఉన్నాయి. జర్నలు అంచు దగ్గర వంపు చక్కగా దిగింది. ఆ వంపు లేకుండా మూల పదునుగా కోస్తే పగులు అక్కడే పుడుతుంది, గ్రైండింగ్ నుంచి వచ్చిన క్రాంకులో ముందు చూడాల్సింది అదే. ఈ ఇంజినుకు ఇంకో పరీక్ష కూడా ఉంది. వెనక మెయిన్ దగ్గర రబ్బరు సీలు ఉండదు. క్రాంకు మీద కోసిన మర లాంటి గాడి తిరుగుతూ నూనెను తిరిగి ఇంజినులోకి నెడుతుంది. మెయిన్ జర్నలు కేంద్రం తప్పి గ్రైండ్ అయితే ఆ గాడి వంకరగా తిరిగి, క్లచ్ గూటిలోకి నూనె కారుతుంది. వి-బ్లాకుల (వి ఆకారపు దిమ్మలు) మీద పెట్టి తిప్పుతూ డయల్ గేజ్‌తో వంకర చూశాను, బాగుంది. నూనె రంధ్రాల్లో గ్రైండింగ్ పొడి మిగలకుండా కిరోసిన్, సన్న బ్రష్షు, గాలి పైపుతో కడగడానికి ఒక సాయంత్రం పట్టింది. ఆ పొడి ఒక చిటికెడు మిగిలినా కొత్త బేరింగులను తినేస్తుంది.

అసలు గొడవ బ్లాకు దగ్గర వచ్చింది. నా పిస్టన్లు ఇంకా పార్శిల్‌లో ఉండగానే బోరు చేసేశాడు. “నలభై అంటే నలభైయే కదా సార్, ఎన్ని చేయలేదు” అని ఆయన వాదన. పిస్టన్లు వచ్చాక బోర్ గేజ్ పట్టుకెళ్లాను. ఒక్కో సిలిండరును పైన, మధ్యలో, కింద మూడు చోట్ల, ప్రతి చోటా క్రాంకు వెంబడి ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి కొలవాలి. సిలిండరుకు ఆరు కొలతలు. మొదటి మూడింటిలో పిస్టన్‌కూ గోడకూ మధ్య సందు, పిస్టన్ పెట్టె మీద రాసిన రెండు థౌలకు దగ్గరగానే వచ్చింది. నాలుగోది పైన మూడున్నర, కింద అయిదు.

అలా ఎందుకైందో బోరులోని గీతలే చెబుతున్నాయి. బోరింగ్ బారు (కోసే మెషీను కడ్డీ) పూర్తి కొలతకు రెండు మూడు థౌలు ముందే ఆగాలి. మిగతాది హోన్ రాళ్లు తీయాలి, అప్పుడే నూనె పట్టే అడ్డగీతలు పడతాయి. నాలుగో దాంట్లో బారే చివరిదాకా పోయింది. గీతల కోసం మళ్లీ హోన్ పెట్టేసరికి కొలత దాటిపోయింది, పైగా రాళ్లు కింద ఎక్కువసేపు ఆడటంతో అక్కడ గంటలా విచ్చుకుంది. చూపించాను. మేస్త్రి గేజ్ వంక చూశాడు, నా వంక చూశాడు, “రన్నింగ్‌లో సెట్ అవుతుంది సార్” అన్నాడు.

ఆటోనగర్‌లో ఈ మాటకు చాలా చలామణీ ఉంది. రింగులు బోరులో ఒదగడం నిజమే, రన్నింగ్‌లో జరిగేది అదొక్కటే. ఎక్కువైన సందు తగ్గదు. చల్లటి ఇంజినులో పిస్టన్ గోడకు కొట్టుకుంటుంది, నూనె పైకెక్కి పొగ వస్తుంది. ఆ మాటే అన్నాను. గొంతు పెంచలేదు, నా కొలతల కాగితం అక్కడే కౌంటరు మీద పెట్టాను. కాగితం చాలా పని చేసింది. నోటిమాటగా అయితే సాయంత్రం దాకా వాదించేవాడు, రాసిన అంకెల మీద ఎక్కువ మాట్లాడలేకపోయాడు.

ఎండాకాలంలో కొలిచేవాళ్లకు ఇక్కడ ఒక ముక్క. పోత ఇనుము 20 డిగ్రీలు వేడెక్కితే ఈ బోరు సుమారు 0.016 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే అర థౌకు పైనే. అల్యూమినియం పిస్టన్ దానికి రెట్టింపు పెరుగుతుంది. మే నెలలో బెజవాడ రేకుల షెడ్డు కింద, అప్పుడే మెషీను దిగిన బ్లాకును కొలిచి పోట్లాడితే మనదే తప్పవుతుంది. బ్లాకు, పిస్టన్లు, మైక్రోమీటరు, గేజ్ అన్నీ రాత్రంతా ఒకే చోట ఉంచి పొద్దున్నే కొలవాలి. నేనూ రెండోసారి అలాగే కొలిచాను, నాలుగో బోరు అంకెలు ఏమీ మారలేదు.

బ్లాకు తెచ్చేసుకునే రోజు ఇంకో సంగతి బయటపడింది. సంచిలో ఉన్న మధ్య మెయిన్ క్యాపుకు నా చుక్కలు లేవు. “అదే సార్ మీది” అన్నాడు కుర్రాడు. ఫోటో చూపించాక మూలన ఉన్న ఇంకో అంబాసిడర్ బ్లాకు కింద వెతికితే రెండు చుక్కల క్యాపు దొరికింది. పంచ్ దెబ్బలు లేకపోతే అది ఎవరి ఇంజినులోకి వెళ్లేదో! మధ్య క్యాపు కాబట్టి థ్రస్ట్ వాషర్లు (క్రాంకు ముందు వెనకలకు జరగకుండా ఆపేవి) కూడా అక్కడే కూర్చుంటాయి. వేరే క్యాపు బిగించి ఉంటే క్రాంకు బిగుసుకోవడమో, మొదటి వందల కిలోమీటర్లలోనే బేరింగు పోవడమో జరిగేది.

నాలుగో బోరుకు రెండు దారులున్నాయి. నాలుగింటినీ 60 సైజుకు పెంచడం ఒకటి. 60 పిస్టన్లు వెతకాలి, గోడలు ఇంకా పలచబడతాయి, చేతిలో ఉన్న కొత్త 40 పిస్టన్లు వృథా. ఆ ఒక్కదానికీ లైనరు (కొత్త గోడగా పనిచేసే ఇనుప గొట్టం) దింపి తిరిగి 40కే తీయడం రెండోది. లైనరుకే మొగ్గాను. ఈసారి రెండు సందుల అవతల ఉన్న ఒక పెద్దాయన షాపుకు వెళ్లాను. ఆయన బ్లాకు చూడకముందే “పిస్టన్ ఏదీ?” అని అడిగాడు. సగం నమ్మకం అక్కడే కుదిరింది. లైనరు బిగువుగా దిగేలా దాని బయటి కొలతకంటే రెండు మూడు థౌలు తక్కువగా బ్లాకును కోసి, ప్రెస్సుతో దింపి, పైన సమంగా ఫేసింగ్ చేశాడు. లోపల బోరు రెండు థౌలు ముందే ఆపి, “ఇవాళ వద్దు, చల్లారాలి, హోనింగ్ రేపు పొద్దున” అన్నాడు. ఆయన కూడా చెప్పిన తేదీకి ఇవ్వలేదు. కాకపోతే ఆలస్యమవుతుందని ముందు రోజే ఫోను చేశాడు. ఏలూరు నుంచి రైలెక్కి రావాల్సిన నాలాంటివాడికి అది చాలు.

మొదటి మేస్త్రితో లెక్క తేల్చడానికి స్పేర్ పార్టుల దుకాణదారునే కూర్చోబెట్టాను. షాపు చూపించినవాడే మధ్యవర్తి అయితే మాట నడుస్తుంది. వాల్వ్ పనికీ క్రాంకుకూ పూర్తిగా ఇచ్చాను, మూడు బోర్లకూ ఇచ్చాను. లైనరు ఖర్చు ఆయన వాటాలోంచి తీసేయాలన్నాను. కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. వాల్వ్ పని ఇంకో ఇంజినుకు పడితే మళ్లీ ఆయన దగ్గరకే వెళ్తాను, పొద్దున పదిన్నరకు, హెడ్డు ఒక్కటే పట్టుకుని. బ్లాకు మాత్రం ఇవ్వను.

షెడ్డులో ఇప్పటికి అయినవి: మెయిన్ బేరింగుల సందు ప్లాస్టిగేజ్‌తో (నలిగిన వెడల్పును బట్టి సందు చెప్పే సన్నటి ప్లాస్టిక్ దారం) చూశాను, మూడూ ఒకటిన్నర థౌ దగ్గర ఉన్నాయి. క్రాంకు ముందు వెనక ఆట రెండున్నర థౌ, మాన్యువల్ రెండు నుంచి మూడు అంటుంది. రింగులను ఒక్కొక్కటిగా దాని బోరులోనే పెట్టి, తలకిందులు చేసిన పిస్టన్‌తో సమంగా నెట్టి, ఫీలర్ గేజ్‌తో (సన్నటి కొలత రేకులు) రింగు రెండు చివర్ల మధ్య సందు చూస్తున్నాను. పది పన్నెండు థౌలు రావాలి. రెండు రింగులు బిగుతుగా ఉన్నాయి, సన్న ఆకురాయితో చివర్లు రుద్దాలి. లైనరు దింపిన నాలుగోదాని రింగులే అన్నిటికంటే ముందు సరిపోయాయి.

ఇంకా మిగిలినవి ఆయిల్ పంపు విప్పి చూడటం, టైమింగ్ చైను, సంప్ (ఇంజిను అడుగున నూనె తొట్టి) కార్కు గాస్కెట్టు. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసి, గేజ్‌లో నూనె ఒత్తిడి కనిపించేదాకా సెల్ఫ్ తిప్పాలి. కార్కు గాస్కెట్టు ఇక్కడ దొరికినవి ఎండి విరిగిపోతున్నాయి, కోల్‌కతా నుంచి తెప్పిస్తున్నాను.