చత్వారానికి ఏ కంప్యూటర్?

"బావా, ఆక్సిజన్ 21 శాతం నుంచి 32కి మార్చు చూద్దాం" అంటూ సుంటో జూప్ నోవో చేతిలో పెట్టాను. సముద్రంలో డైవింగ్ చేసేటప్పుడు లోతు, సమయం చూపించే డైవ్ కంప్యూటర్ అది; సిలిండర్‌లోని గాలిలో ఆక్సిజన్ ఎంతో దానికి ముందే చెప్పాలి. నాలుగు బటన్లు. బావ ఒకటి నొక్కి, ఇంకొకటి నొక్కి, మూడోదాని దగ్గర నావైపు గుర్రుగా చూశాడు.

ఇంకో డైవ్ కంప్యూటర్, షియర్‌వాటర్ పెరెగ్రిన్‌కి రెండే బటన్లు. ఏది నొక్కితే ఏమవుతుందో తెర అడుగునే రాసి ఉంటుంది. పని ఇట్టే అయిపోయింది.

కానీ నన్ను పడగొట్టింది ఆ 2.2 అంగుళాల రంగుల తెర. మాస్కు లోపల చదువుకునే కళ్లజోడు పెట్టుకోలేం కదా! నలభై దాటిన కళ్లకు లోతు అంకె పెద్దగా కనబడడమే అసలు సౌకర్యం. సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో మాత్రం రెండూ చెప్పవు, గేజి చూసుకోవలసిందే.

పెరెగ్రిన్‌కి ఛార్జింగు పెట్టాలి. గచ్చిబౌలిలో ఉంటూ ఏడాదికోసారి సముద్రం చూసేవాళ్లకు అది గుర్తుండాలిగా!

బావ ఓటు జూప్‌కే. దాని బిళ్ల బ్యాటరీ కోఠిలో దొరుకుతుందట, తనే మార్చుకుంటాడట. ఆయనకింకా చత్వారం రాలేదు లెండి.